సంతానలేమికి వైరస్ జ్వరాలు కారణమా? గవదబిళ్ళలను తేలికగా తీసుకోకండి

నాంపల్లి స్టేషనులో రైలు దిగి ఆబిడ్స్ పరిసరాలలోని ఆసుపత్రులకు, పరీక్షా కేంద్రాలకు వెళ్ళేవారిలో సంతానం కోసం తిరిగే దంపతులు కూడా ఉంటారు. వారి చేతిలోని ఫైలు తెరిస్తే కాగితాలు ఎక్కువగా భార్యవే. భర్తకు చేయవలసిన ఒక్క చిన్న పరీక్ష మాత్రం తరచు అందులో ఉండదు. సంతానం లేని జంటలలో దాదాపు సగం మందిలో పురుషునివైపు లోపం పూర్తిగానో, కొంతగానో ఉంటుంది. అయినా ‘గొడ్రాలు’ అనే నింద కోడలిమీదనే పడుతున్నది. పురుషునివైపు గల కారణాలలో చాలామంది మరచిపోయేది యౌవనంలో వచ్చిపోయిన వైరస్ జ్వరం.

శుక్రంలో వైరస్‌లు

మానవ శుక్రంలో 27 రకాల వైరస్‌ల ఆనవాళ్ళు కనిపించినట్లు ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2017లో ఒక పట్టిక ప్రకటించారు. హెచ్.ఐ.వి., హెపటైటిస్-బి, హెర్పిస్, జికా మొదలైనవి అందులో ఉన్నాయి. అయితే వైరస్ కనిపించినంత మాత్రాన వంధ్యత్వం వచ్చినట్లు కాదు. హెచ్.పి.వి. అనే వైరస్ శుక్రకణాలకు అంటుకొని వాటి చలనాన్ని తగ్గిస్తుందని కొన్ని అధ్యయనాలు సూచించినా, ఆ విషయం ఇంకా తేలలేదు. హాని చేస్తుందని స్పష్టంగా తెలిసినది గవదబిళ్ళల వైరస్.

గవదబిళ్ళలు – వృషణాల వాపు

ఈ జబ్బు చిన్నపిల్లలకు వస్తే వృషణాలకు హాని కలగడం అరుదు. యుక్తవయస్సు వచ్చిన పురుషులకు వస్తే సుమారు 15 నుండి 30 శాతం మందిలో వృషణాలు వాస్తాయి. చెంపల వాపు మొదలైన వారం పది రోజులలో మళ్ళీ జ్వరం, వృషణంలో తీవ్రమైన నొప్పి కలుగుతాయి. వృషణాన్ని కప్పి ఉండే పొర గట్టిది, సాగదు. లోపలి వాపు వలన ఒత్తిడి పెరిగి, శుక్రకణాలు తయారయ్యే సన్నని నాళికలు దెబ్బతింటాయి. ఎక్కువమందిలో ఒక ప్రక్కనే వస్తుంది కనుక రెండవ వృషణం ఆదుకొంటుంది. రెండు ప్రక్కలా వచ్చినవారిలోనూ పూర్తి వంధ్యత్వం అరుదే. కాని కణాల సంఖ్య, చలనం తగ్గవచ్చు.

గవదబిళ్ళలకు మెడలో బంగారు గొలుసు వేయడం కొన్ని ఇళ్ళలో ఆచారం. జబ్బు దానంతటదే పది రోజులలో తగ్గుతుంది, పేరు గొలుసుకు వస్తుంది. ఆచారం పాటిస్తే పాటించండి గాని, వృషణాలలో నొప్పి కలిగితే సిగ్గుపడి దాచవద్దు. అకస్మాత్తుగా తీవ్రమైన నొప్పి వస్తే అది వృషణం మెలిపడటం కూడా కావచ్చు. అప్పుడు ఆరు గంటలలోగా శస్త్రచికిత్స జరగకపోతే వృషణం దక్కకపోవచ్చు.

ఇంట్లో చేయదగినవి

పూర్తి విశ్రాంతి, లంగోటా వంటి ఆధారం, చల్లని నీటిలో తడిపిన గుడ్డ పట్టీ బాధను తగ్గిస్తాయి. గంజి, పెసరకట్టు వంటి మెత్తని ఆహారం ఇవ్వాలి. పులుపు నోట లాలాజలం ఊరించి నొప్పి పెంచుతుంది కనుక మానాలి. వృషణాలపై సున్నం, ఘాటైన పట్టులు వేయరాదు, చర్మం కాలుతుంది. యాంటిబయాటిక్ మందులు వైరస్‌పై పనిచేయవు.

ఆయుర్వేదం చెప్పిన నిజం

సుశ్రుత సంహిత శారీరస్థానం రెండవ అధ్యాయంలో ఎనిమిది విధాల శుక్రదోషాలు చెప్పబడినాయి. చీము వంటి శుక్రం, క్షీణించిన శుక్రం కష్టసాధ్యాలనీ, మలమూత్రగంధం గలది అసాధ్యమనీ సుశ్రుతుడే అంటాడు. శాస్త్రకర్తయే ఇంత జాగ్రత్తగా మాట్లాడగా, ‘నూటికి నూరు శాతం గ్యారంటీ’ అనే గోడమీది ప్రకటనలను ఎలా నమ్మగలం? సుఖవ్యాధులు, లైంగిక బలహీనత నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నిషిద్ధం. అశ్వగంధ, దూలగొండి వాడినవారిలో శుక్రకణాలు పెరిగినట్లు కొన్ని చిన్న అధ్యయనాలలో కనిపించింది. కాని అవి వైరస్‌ను తొలగిస్తాయనడానికి ఆధారం లేదు. థైరాయిడ్, కాలేయ వ్యాధులున్నవారు వైద్యుని అడగకుండా అశ్వగంధ వాడరాదు.

పరీక్ష ఎప్పుడు, ఎలా?

రెండు నుండి ఏడు రోజుల బ్రహ్మచర్యం తరువాత శుక్రపరీక్ష చేయించాలి. నమూనా గంటలోపు ప్రయోగశాలకు చేరాలి. నగర శివార్ల నుండి ఆబిడ్స్‌కు తెచ్చేవారికి, ముఖ్యంగా జనవరి, ఫిబ్రవరిలలో నాంపల్లి నుమాయిష్ రద్దీలో ఇది సాధ్యపడదు. పరీక్షా కేంద్రంలోనే నమూనా ఇవ్వడం మేలు. శుక్రకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు పడుతుంది. ఏ జ్వరమైనా వచ్చిన కొత్తలో సంఖ్య తగ్గి కనిపించవచ్చు కనుక మూడు నెలల తరువాత మళ్ళీ చేయించి చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 ప్రమాణం ప్రకారం మిల్లీలీటరుకు 1 కోటి 60 లక్షల కణాలు కనీస హద్దు. అంతకన్న తక్కువైనా సంతానం అసాధ్యమని కాదు. పెద్దయ్యాక గవదబిళ్ళలు వచ్చాయా, అప్పుడు వృషణాలు వాచాయా అనేది వైద్యునికి తప్పక చెప్పాలి.

నివారణ

ప్రభుత్వం 2017 ఆగస్టులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ప్రారంభించిన ఎం.ఆర్. టీకా తట్టు, రుబెల్లాల నుండి కాపాడుతుంది. గవదబిళ్ళల నుండి కాదు. దానికి ఎం.ఎం.ఆర్. టీకా కావాలి. మీ పిల్లల టీకా కార్డు ఈ రోజే తీసి చూడండి, లేకపోతే పిల్లల వైద్యుని అడగండి.

సంతానం ఆలస్యమైన ఇంట్లో మొదటి అడుగు ఇద్దరూ కలిసి వేయాలి. భర్త పరీక్ష చౌకది, నొప్పిలేనిది. అది జరగకముందే కోడలిని నిందించడం అన్యాయం.