రాతి దూలం, ఇనుప చువ్వ

రామప్ప గుడికి వెళ్లినవాళ్లు ముందు చూరు కింది స్త్రీమూర్తులు, మదనికల దగ్గర ఆగి ఫోటోలు దిగుతారు. ఈసారి వెళ్తే మండపంలో నిలబడి స్తంభానికీ స్తంభానికీ మధ్య ఎంత ఎడముందో చూడండి. ఎక్కువ ఉండదు. ఎందుకుండదో తెలిస్తే పాత కట్టడానికీ కొత్త కట్టడానికీ ఉన్న తేడా సగం తెలిసినట్టే.

రాయి ఎంత బరువైనా మోస్తుంది కానీ సాగదు. రెండు స్తంభాల మీద రాతి దూలం పెట్టి పైన బరువు వేస్తే, దూలం అడుగుభాగం సాగాల్సి వస్తుంది. అది రాయి వల్ల కాదు, పగులుతుంది. కాబట్టి దూలం పొట్టిగా ఉండాలి, స్తంభాలు దగ్గరదగ్గరగా నిలవాలి. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో ఈ గుడి కట్టించడం మొదలుపెట్టినప్పుడు శిల్పులకు ఎదురైన చిక్కు ఇదే. వాళ్లు ఆ అడ్డొచ్చే స్తంభాన్నే పట్టుకున్నారు. నల్లటి డోలరైట్ రాతిని అద్దంలా నునుపు చేసి, దాని మీద కథలు చెక్కారు. బరువు తగ్గాలని శిఖరాన్ని నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలతో లేపారు. పునాది గోతిని ఇసుకతో నింపారు. పని దాదాపు 40 ఏళ్లు సాగిందంటారు. అంటే తండ్రి మొదలుపెట్టిన స్తంభం పక్కన కొడుకు ఇంకో స్తంభం చెక్కి ఉంటాడు. గుడి అసలు పేరు రుద్రేశ్వరాలయం. జనం నోట నిలిచింది మాత్రం శిల్పిదని చెప్పుకునే రామప్ప పేరు.

కాంక్రీటు కూడా రాయి లాంటిదే, మోస్తుంది కానీ సాగదు. 19వ శతాబ్దంలో ఐరోపాలో దానిలో ఇనుప చువ్వలు వేయడం మొదలుపెట్టారు. లాగుడును తట్టుకునే పని ఆ చువ్వలది. దాంతో దూలం పొడవైంది, స్తంభాలు దూరం జరిగాయి. బరువంతా స్తంభాలూ దూలాలే మోస్తుంటే ఇక గోడకు పనేముంది? అది ఉత్త తెర అయిపోయింది. తెరైనప్పుడు అద్దమైనా చాలు.

హైదరాబాదులో 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్ చుట్టుపక్కల ఆ తర్వాత లేచిన ఆఫీసుల్లోకి వెళ్లండి. అక్కడ స్తంభం అంటే నష్టం. అద్దె చదరపు అడుగుల లెక్కన కదా! అందుకే దానికి తెల్ల రంగు వేసి, నిప్పు ఆర్పే ఎర్ర సిలిండరు తగిలించి వదిలేస్తారు. మనవాళ్లకు కళాదృష్టి పోయిందని దీన్ని చూసి వాపోనక్కర్లేదు. గుడి ఒక దేవుడికి, ఒక ఊరికి కట్టింది. ఆఫీసు రేపు ఎవరు దిగుతారో తెలియకుండా కట్టేది. ఎవరొస్తారో తెలియని చోట స్తంభం మీద ఏ కథ చెక్కుతారు? పైగా ఎన్నో గుళ్ల తలుపు తరతరాలుగా కొన్ని కులాలకు మూసే ఉండేది. ఈ ఆఫీసు లిఫ్టు కులం అడగదు, మెడలో కార్డుంటే చాలు.

నేను క్షమించలేనిది అద్దం గోడను. ఎండ చాలని చలిదేశాల్లో దానికో అర్థముంది. హైదరాబాదు ఏప్రిల్ ఎండలో అద్దం వెలుతురుతో పాటు వేడినీ లోపలికి రానిచ్చి పట్టి ఉంచుతుంది. ఏసీలు ఆ వేడిని తోడి వీధిలోకి వదులుతాయి. లోపలివాళ్లు స్వెట్టరు వేసుకుంటారు, బయట ఆటో డ్రైవరు తడిగుడ్డ నెత్తిన కప్పుకుంటాడు. పాత కట్టడం తెలివిని తన ఒంట్లోనే పెట్టుకుంది, కొత్తది కరెంటు బిల్లుకు అప్పజెప్పింది.

ఇల్లు కట్టించుకునేవాళ్లు మేస్త్రీని 40 ఏళ్లు పనిచేయమని అడగలేరు. పడమటి గోడకు పెద్ద అద్దం వద్దనీ, కిటికీల మీద చూరు బాగా ముందుకు దించమనీ మాత్రం గట్టిగా అడగండి. రామప్ప మదనికలు 800 ఏళ్లుగా నిలబడింది అలాంటి రాతి చూరు కిందే.