వేరుసెనగ నూనె: గానుగయా, ఎక్స్‌పెల్లరా?

సంఘము పక్షమున నూనె తీయు పని ప్రారంభింపవలెనని పలు గ్రామముల రైతులు మమ్ము సలహా యడుగుచున్నారు. అందరి మొదటి ప్రశ్నయు నొకటే: ఏ యంత్రమున నూనె ఎక్కువ దిగును?

దీనికి జవాబు సులభము. పప్పులో నూటికి 48 పాళ్లు నూనె యున్నదనుకొందము. గానుగ యాడిన పిమ్మట మిగిలిన పిండిలో నూటికి సుమారు 12 పాళ్లు నూనె నిలిచిపోవును. అమెరికాలో ఆండర్సను అను నాతడు 1900 సంవత్సరమున కనిపెట్టిన మరచుట్టు యంత్రము, అనగా ఎక్స్‌పెల్లరు, 7 పాళ్లు విడుచును. ఆ పిండిని మరల హెక్సేను అను ద్రావకముతో కడిగినచో మిగులునది 1 పాలు. ఈ లెక్కన 100 కిలోల పప్పునకు గానుగలో 41, ఎక్స్‌పెల్లరులో 44, ద్రావకముతో 47 కిలోల పైచిలుకు నూనె వచ్చును.

ద్రావకపు పని మనకు తగదు. హెక్సేను పెట్రోలువలె అంటుకొనునది. నేర్పరులైన పనివారును, రాత్రింబగళ్లు తెగని సరకును కావలెను.

ఇక ఎక్స్‌పెల్లరు. దినమునకు 3 టన్నుల పప్పు నాడు యంత్రము నూరు దినములు తిరుగుటకు 300 టన్నుల పప్పు కావలెను. కాయలలో నూటికి 70 పాళ్లు పప్పు వచ్చినచో అది దాదాపు 430 టన్నుల కాయలు. వర్షాధారపు చేలలో ఎకరమునకు 3 క్వింటాళ్లు పండినవనుకొన్నను, 1,400 ఎకరములకు పైబడిన పంట! అదియు సభ్యులు విత్తనమునకు దాచుకొనక, దళారికి అమ్మక, సంఘమునకే తోలినప్పుడు.

మే మెరిగిన యొక సంఘము వాటా ధనమంతయు వెచ్చించి, పైగా అప్పుచేసి, ఇట్టి యంత్రమును కొన్నది. కొనుడని చెప్పినవారిలో మేమును ఒకరము. నూనె దిగుబడి పట్టిక చూపితిమి గాని, ఆ గ్రామపు కాయల రాబడిని చూడమైతిమి. వానలు తప్పిన యేట కార్తీకమున తిరిగిన యంత్రము మాఘమునకే ఆగినది. వడ్డీ ఆగలేదు.

గానుగలో తగ్గిన మూడు కిలోల నూనె సంగతి యేమందురా? అది యెచ్చటికిని పోలేదు, పిండిలోనే యున్నది. ఆ పిండిని సభ్యులే తమ పాడిపసులకు తీసికొనిపోవుదురేని నష్టము చాల తగ్గును. మిల్లునకు అమ్మవలసివచ్చునేని నష్టమే. నేడు పట్టణములలో గానుగ నూనెకు హెచ్చు ధర నిచ్చువారును కలరు. విద్యుచ్ఛక్తితో తిరుగు చిన్న గానుగలు రెండుంచుకొన్నచో, సరకు చాలనప్పుడు ఒకదానిని ఆపుకొనవచ్చును.

బూజుపట్టిన కాయల విషమును మాత్రము ఈ రెండు యంత్రములలో నేదియు తీయజాలదు. అది అధికముగా పిండిలో చేరి, పిండి తిన్న పశువు పాలలోనికి వచ్చును. శుద్ధిచేయని నూనెలోను కొంత యుండును. కాయలను గలగలలాడునట్లు ఎండబెట్టియే గిడ్డంగికి చేర్పవలెను.

యంత్రముల ధరల జాబితాలు మాయొద్ద నున్నవి. వానిని చూడ వచ్చు కార్యదర్శులు తమ గ్రామమున గడచిన ఐదేండ్ల కాయల రాబడిని వ్రాసి తేవలెను. పంట పోయిన యేటి లెక్కను విడిచిపెట్టవలదు.