జర్మనీలో ఉంటూ స్విస్ కారు నడపొచ్చా? రూల్స్ ఏం చెబుతున్నాయంటే..

జ్యూరిక్‌లో ఉండే ఫ్రెండ్ కారు తీసుకుని వీకెండ్‌కు జర్మనీ వస్తున్నారా? మీ చేతిలో లైసెన్స్, కారుకు ఇన్సూరెన్స్ ఉన్నాయి. ఫ్రెండ్ కూడా సరే అన్నారు. అయినా మీరు జర్మనీ నివాసి అయితే ఇవి సరిపోవు. కస్టమ్స్ తనిఖీలో పట్టుబడితే వేల యూరోలు కట్టాల్సి రావొచ్చు. జర్మనీలో ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన విషయమిది.

ఎందుకిలా?

స్విట్జర్లాండ్ 2008 నుంచి షెంజెన్‌లో ఉంది. కానీ యూరోపియన్ యూనియన్ (ఈయూ) కస్టమ్స్ పరిధిలో లేదు. కస్టమ్స్ దృష్టిలో కారు కూడా ఒక వస్తువే. స్విస్ నివాసి తన కారును ఈయూలో సుంకం లేకుండా సాధారణంగా 6 నెలల వరకు వాడుకోవచ్చు. అదే కారును ఈయూ నివాసి నడుపుతూ తెస్తే, పన్ను కట్టకుండా దిగుమతి చేసినట్టు లెక్కగడతారు. మీ పాస్‌పోర్ట్ ఏ దేశానిదన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. మీరు ఎక్కడ నివసిస్తున్నారన్నదే చూస్తారు.

ఎంత కట్టాలి?

కార్లపై కస్టమ్స్ సుంకం 10 శాతం వరకు ఉంటుంది. దానిపై జర్మనీలో 19 శాతం దిగుమతి వ్యాట్. ఉదాహరణకు కారు విలువ 20,000 యూరోలు అనుకుంటే సుంకం 2,000, వ్యాట్ 4,180. మొత్తం 6,180 యూరోలు. పన్ను ఎగవేత కింద కేసు పెట్టే అవకాశమూ ఉంది.

ఎప్పుడు నడపొచ్చు?

* కారు ఎవరి పేరిట ఉందో వారు ఆ సమయంలో ఈయూలోనే ఉండి, వారు చెబితేనే ఎప్పుడైనా ఒకసారి నడపొచ్చు. జ్యూరిక్‌లో కూర్చుని ఫోన్‌లో ఓకే చెబితే చెల్లదు.

* స్విస్ కంపెనీలో ఉద్యోగులైతే కంపెనీ కారును ఇంటికి, ఆఫీసుకు మధ్య వాడుకోవచ్చు. ఉద్యోగ ఒప్పందంలో ఉన్న పనులకూ వాడొచ్చు. ఒప్పందం కాపీ కారులో పెట్టుకోండి.

మకాం మారుస్తుంటే?

ఈయూ బయట కనీసం 12 నెలలు ఉండి, సొంత కారును 6 నెలలైనా వాడి ఉంటే, జర్మనీకి మారేటప్పుడు సుంకం మినహాయింపు కోరవచ్చు. ఆ తర్వాత 12 నెలల పాటు ఆ కారును అమ్మకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు.

ఏ మాత్రం అనుమానం ఉన్నా సరిహద్దు దాటకముందే జర్మన్ కస్టమ్స్ విభాగం 'త్సోల్'ను అడగండి. ఫ్రెండ్ వెంట వస్తుంటే స్టీరింగ్ వాళ్లకే ఇవ్వడం మేలు.