ఒడంబడికతో ప్రోగ్రాము రచన

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో వరికోతలు ముగియు వేళకు వడ్ల కొనుగోలు కేంద్రములు తెరువబడును. రైతు వడ్లను ఆరబోసి, తాలు, మట్టి లేకుండ తూర్పారబట్టి తేవలెను. తేమ నూటికి 17 పాళ్లకు మించరాదు. ఇది రైతు బాధ్యత. అట్లు తెచ్చిన వడ్లను సరిగా తూచి, మద్దతు ధరకు కొనుట కేంద్రము బాధ్యత. 2025-26 సంవత్సరమునకు సాధారణ రకము ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఒకరి బాధ్యత రెండవవారికి హక్కగును. వడ్లు తడిగా నున్నచో లోపము రైతుది. ఆరిన వడ్లకు తూకము తగ్గినచో లోపము కేంద్రముది. నియమము ముందే తెలిసియున్నందున తప్పెవరిదో తేల్చవచ్చును.

కంప్యూటరు ప్రోగ్రాములను గూడ ఇట్టి ఒడంబడికపై నిర్మింపవచ్చును. ఒక ఆజ్ఞకు ముందు ఏది సత్యముగా నుండవలెనో, తరువాత ఏది సత్యము కావలెనో తెలిపి, తర్కముచే ప్రోగ్రామును పరీక్షించు విధానమును ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు టోనీ హోర్ 1969లో ప్రకటించెను. ఈ భావమును బెర్ట్రాండ్ మేయర్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1986 ప్రాంతమున తన ఐఫెల్ భాషలో పొందుపరచి, దీనికి ‘డిజైన్ బై కాంట్రాక్ట్’ అని పేరిడెను.

మూడు నియమములు

నేటి పెద్ద ప్రోగ్రాములను పెక్కింటిని క్లాసులుగా విభజించి వ్రాయుదురు. క్లాసు అచ్చు వంటిది. ఆ అచ్చున పోసిన ప్రతి వస్తువును ఆబ్జెక్టు అందురు. కొనుగోలు కేంద్రపు లెక్కలకై ‘నిల్వ’ అను క్లాసును వ్రాసితిమనుకొందము. అందు రెండు పనులు కలవు: వడ్లు చేర్చుట, మిల్లుకు పంపుట.

‘చేర్చు’ అను పని ఆరంభమగుటకు ముందు తేమ 17కు మించకుండవలెను. తూకము సున్నకంటె ఎక్కువగా నుండవలెను. ఇది పూర్వనియమము. పని ముగిసిన పిమ్మట కొత్త నిల్వ, పాత నిల్వకు తూకమును కలిపిన మొత్తమునకు సమానము కావలెను. ఇది ఫలనియమము. 260 క్వింటాళ్ల నిల్వకు, బస్తాకు 40 కిలోల చొప్పున 100 బస్తాలు చేర్చినచో 300 క్వింటాళ్లు కావలెను. వేరేది వచ్చినచో ఆ పనిని వ్రాసిన భాగమందే దోషము కలదు. ఇక నిల్వ ఎన్నడును సున్నకు తగ్గరాదు. ఏ పనికి ముందైనను, తరువాతనైనను నిలిచియుండవలసిన ఇట్టి దానిని నిత్యనియమమందురు. దీనిని కాపాడుటకే ‘పంపు’ అను పనికి, పంపు పరిమాణము నిల్వకు మించరాదను పూర్వనియమము అవసరమగును.

పూర్వనియమము తప్పినచో పనిని కోరిన భాగముది లోపము. ఫలనియమము తప్పినచో పనిని చేసిన భాగముది లోపము. వేల పంక్తుల ప్రోగ్రామునందు దోషమును వెదకువానికి ఈ విభాగము గొప్ప సహాయము.

ఒక సందేహము

గుమాస్తా 17.0కు బదులు 170 అని నొక్కినచో పూర్వనియమము పట్టుకొనునా? అది దాని పని కాదు. ఒడంబడిక ప్రోగ్రాములోని భాగముల మధ్యనే కాని మనుష్యులతో కాదు. బయటినుండి వచ్చు అంకెను స్వీకరించు భాగమే దానిని పరీక్షించి, తప్పైనచో మరల అడుగవలెను. అటుపై ‘చేర్చు’ అను పని తిరిగి అదే పరీక్షను చేయనక్కరలేదు. అందరును అన్నిటిని పరీక్షింపబూనినచో ప్రోగ్రాము బరువెక్కును. ఒకరిపై నొకరు వేసికొన్నచో ఎవరును పరీక్షింపరు.

ఒక క్లాసునుండి మరియొక క్లాసు వారసత్వముగా పుట్టవచ్చును. పిల్ల క్లాసు పూర్వనియమమును సడలింపవచ్చును కాని బిగింపరాదు. ఫలనియమమును బిగింపవచ్చును కాని సడలింపరాదు. 17ను నమ్మి 16 తేమగల వడ్లను తెచ్చినవానిని, ఇచ్చట 14 మాత్రమే అని త్రిప్పిపంపుట మాట తప్పుటయే కదా!

వ్రాయని నియమము

1996 జూన్ 4న ఐరోపావారి ఏరియన్-5 రాకెట్టు ఇంజను రగిలిన సుమారు 40 సెకన్లకు ఆకాశమున పగిలిపోయెను. దాని దిశను తెలుపు పరికరపు ప్రోగ్రామును ఏరియన్-4నుండి తెచ్చుకొనిరి. అందొకచోట 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకముగా మార్చవలసి యుండెను. అట్టి పూర్ణాంకము 32,767కు మించజాలదు. పాత రాకెట్టు మార్గమున ఆ విలువ హద్దు దాటదు. కొత్తదాని వేగమునకు దాటినది. ఆ హద్దు ఆ పనితోపాటు స్పష్టమైన పూర్వనియమముగా వ్రాయబడలేదనియు, ఒడంబడిక లేని భాగమును మరల వాడరాదనియు 1997లో జెజెకెల్, మేయర్ అను శాస్త్రజ్ఞులు వాదించిరి.

విద్యార్థులు దీనిని అభ్యసించుటకు ఐఫెల్ భాషయే కావలయునని లేదు. పైథాన్ భాషలో ‘అసర్ట్’ అను ఆజ్ఞ కలదు; అందు వ్రాసిన మాట అసత్యమైనచో ప్రోగ్రాము అచ్చటనే ఆగును. ‘చేర్చు’ అను పని మొదట పూర్వనియమమును, చివర ఫలనియమమును ఈ ఆజ్ఞతో వ్రాయవలెను. పాత నిల్వను ముందుగా వేరొక పేరున దాచుకొనవలెను. లేనిచో చివర పోల్చుటకు ఏమియు మిగులదు. పిదప కావలెననియే కూడికకు బదులు తీసివేత వ్రాసి, ఏ నియమము మొదట మొరపెట్టునో చూడవలెను. పని వ్రాయుటకు ముందే నియమము వ్రాయుట అలవరచుకొన్న విద్యార్థికి, తాను వ్రాయబోవునదేమో ముందుగా తెలియును.