పొలం మందులు – ఏటి మొగలోని జీవాలు



గోదావరి ధవళేశ్వరం బ్యారేజి దాటి పాయలుగా చీలి, గౌతమి యానాం మీదుగాను, వసిష్ఠ అంతర్వేది దగ్గరను సముద్రంలో కలుస్తున్న సంగతి మనకు తెలిసిందే. కాలువల ద్వారా మన చేలకెక్కిన నీరు కూడా అక్కడికే చేరుతుంది. మడవ దాటి మురుగుబోదెలో పడి, తుల్యభాగ, కౌశిక, యనమదుర్రు వంటి మురుగుకాలువల వెంట సాగి, చివరికి ఉప్పునీటిలో కలుస్తుంది. చేనుకు మనం కొట్టిన మందులో కొంత ఆ నీటితోనే ప్రయాణం చేస్తుంది.

మందుకు చేప చచ్చి తేలితే నలుగురూ చూస్తారు. చేపను చంపకుండానే దాని సంతానాన్ని దెబ్బతీసే మందులున్నాయి. ఆ నష్టం వెంటనే కంటికి కనబడదు. నేడు దాన్ని గురించే చెప్పుకుందాం.

మనిషికీ, పశువుకూ, చేపకూ ఒంట్లో కొన్ని గ్రంథులుంటాయి. అవి నెత్తురులోకి వదిలే రసాలే హార్మోనులు. పై నుంచి చీటీ వస్తే లస్కరు తూము తలుపు ఎత్తుతాడు కదా! హార్మోను ఆ చీటీ వంటిది. ఎప్పుడు ఎదగాలి, ఎప్పుడు గుడ్డు పెట్టాలి, పిల్ల ఆడా మగా అన్నవి ఆ చీటీల ప్రకారమే జరుగుతాయి. కొన్ని రసాయనాలు దొంగచీటీలవంటివి. వేళ కాని వేళ తలుపు ఎత్తిస్తాయి. లేదా అసలు చీటీని లస్కరుకు అందనివ్వవు.

“అంత కొద్ది మందు ఏం చేస్తుందండీ?” అని కొందరు అడుగుతారు. చీటీకి బరువుతో పనిలేదు. కెనడాలో శాస్త్రజ్ఞులు 2001 నుంచి మూడేళ్లపాటు ఒక సరస్సులో గర్భనిరోధక మాత్రల్లోని హార్మోనును లీటరుకు ఐదారు నానోగ్రాములు మాత్రమే కలిపారు. నానోగ్రామంటే గ్రాములో 100 కోట్లవ వంతు. మగచేపల్లో గుడ్లు కనిపించాయి. ఆ చిన్నచేపల జాతి సరస్సులో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఓడల అడుగున పూసే ట్రైబ్యూటైల్ టిన్ రంగు వల్ల ఆడ నత్తలకు మగ అవయవాలు మొలిచాయి. ఆ రంగును నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం 2008లో అమలులోకి వచ్చింది.

సమయం కూడా ముఖ్యమే. వరి పొట్టదశలో నీరు తప్పితే తరువాత ఎంత పెట్టినా ఆ తాలు గింజ కాదు. అట్లే గుడ్డులో, పసిదశలో తగిలిన దెబ్బ జీవితాంతం ఉండిపోతుంది. ఏటి మొగలూ, కోరంగి మడ అడవులూ రొయ్య పిల్లలకు, చేప పిల్లలకు పురిటిల్లు. పుస్తెలమ్మి అయినా తినాలని మనం చెప్పుకునే పులస కూడా వరదకాలంలో ఆ మొగల గుండానే గుడ్లు పెట్టడానికి ఎదురెక్కుతుంది.

మంచినీరు ఉప్పునీటిని కలిసేచోట సన్నని ఒండ్రు గడ్డకట్టి అడుగుకు దిగుతుంది. నీటిలో కరగక మట్టికి అంటుకునే మందులు దానితోపాటే దిగి, మడ బురదలో ఏళ్ల తరబడి నిలుస్తాయి. బురదలోని పురుగు నుంచి చేపకు, చేప నుంచి పక్షికీ మనిషికీ మెట్టుమెట్టుకూ పోగవుతాయి. డి.డి.టి. వల్ల పక్షుల గుడ్ల పెంకులు పలచబడింది ఇందుకే. దాన్ని మన దేశంలో 1989లో సేద్యానికి నిలిపివేశారు. బి.హెచ్.సి. 1997లోను, ఎండోసల్ఫాన్ 2011లోను ఆగిపోయాయి. పాత డబ్బాలు అటకమీద ఉంటే ఇప్పటికైనా వాడకండి, కాలువలో పారబోయకండి.

మరొక మాట. దోమపోటుకు వాడే బుప్రోఫెజిన్ వంటి మందులు, దోమపిల్ల కుబుసం విడిచేటప్పుడు కొత్త చర్మం సరిగా ఏర్పడకుండా చేస్తాయి. ఇవి హార్మోనులు కావు. అయితే రొయ్య, పీత కూడా పెంకు విడిచి పెరిగేవే. ఈ తరహాదే అయిన డైఫ్లూబెంజురాన్ వాటికి మిక్కిలి హాని చేస్తుందని రుజువైంది. కనుక ఇటువంటి మందులను మురుగులోకి పోనీయరాదు.

అయితే దోమపోటుకు పంటను వదులుకోమనా? కాదు. ఈ పద్ధతులు పాటించండి.

దోమపోటును తట్టుకునే మారుటేరు వంగడాలు వేయండి. నాట్లలో ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయండి. యూరియా మోతాదు మించనీయకండి. పిలక దశలో దుబ్బుకు 10–15, ఆ తరువాత 20–25 దోమలు కనబడితేనే మందు తలపెట్టండి. సింథటిక్ పైరిత్రాయిడ్లు కొడితే దోమ తగ్గకపోగా పెరుగుతుంది.

చేనులో నీరు తీయవలసివస్తే మందుకు ముందే తీసి, మడవ కట్టి, దుబ్బుల మొదళ్లు తడిసేలా కొట్టండి. మందు కొట్టినాక గాని, గుళికలు చల్లినాక గాని నాలుగైదు రోజులైనా నీటిని బయటికి వదలకండి. మబ్బు పట్టిన రోజున మందు కొట్టవద్దు. పంపు కడిగిన నీళ్లు బోదెలో పోయకుండా చేనులోనే చల్లండి.

గ్రామసేవలో ఉన్న సోదరులకు ఒక మనవి: మురుగుబోదె ఒకటే అయిన రైతులందరినీ ఒకచోట కూర్చోబెట్టి ఈ విషయం చెప్పండి. ఒకరు మడవ కట్టి, పక్కవారు వదిలేస్తే ఫలితం ఉండదు.

మన ఎగువవారు మనకు మంచినీరు వదలాలని కోరుకుంటాం. మొగ దగ్గర వల వేసేవారికి మనమే ఎగువవారం. వారి వలలో పడిన చేపే తిరిగి మన కంచంలోకి వస్తుంది.