ఒక మిత్రబృందము, ఒక చిత్రశాల

చిత్రకారునికి బహుమానము వచ్చిననాడు నలుగురును చెప్పుకొందురు. కొన్నాళ్లకు ఆ మాట మరుగున పడును. పేరు పొందిన చిత్రములు దూరనగరములకు తరలి, వాటిని కన్న ఊరికే కనబడకుండ పోవుటయు కద్దు. ఈ విషయమున రాజమహేంద్రవరము అదృష్టము చేసికొన్నది. గోదావరికి చేరువనున్న దామెర్ల రామారావు చిత్రకళామందిరములో ఆ చిత్రకారుని కృతులే గాక, ఆయన భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ, మిత్రులు వరదా వెంకటరత్నము, అడివి బాపిరాజు మున్నగువారి కృతులును ఒక్క కప్పు క్రిందనే కొలువుతీరి యున్నవి. ఒక వ్యక్తికి కట్టిన గుడి యనుకొని లోనికి పోయినవారికి ఒక బృందమే ఎదురగును. ఈ చిత్రశాల విశేషమంతయు అందే యున్నది.

రామారావు 1897 మార్చి 8న జన్మించెను. ఆ కాలమున మన కుటుంబములలో బొమ్మలు గీయుట కాలక్షేపమే గాని చదువు కాదు. అట్టి రోజులలో ఆ బాలుని చేతిలోని కుంచెను గౌరవించినవాడు ఒక ఉపాధ్యాయుడు. ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు అప్పుడు రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాలకు ప్రధానాచార్యుడుగా నుండెను. ఆయన స్వయముగా కవి, చిత్రకారుడు. పాఠము చెప్పి ఊరకుండక, ఏ కుర్రవానికి ఏ విద్యయందు మొగ్గు కలదో కనిపెట్టి చూచెడివాడు. బాపిరాజును ఆయన ప్రోత్సాహము పొందినవాడే. కూల్డ్రే ప్రేరణతోనే రామారావు 1916లో బొంబాయి జె. జె. చిత్రకళాశాలలో చేరెను. ఇది కూల్డ్రే ఉద్యోగధర్మములలోనిది కాదు. పరీక్షాఫలితముల పట్టికలో ఇట్టి పనికి గడియు లేదు. బడులలో పనిచేయువారు ఈ ఒక్క సంగతి తలచుకొనుటకైనను ఆ చిత్రశాలను చూచి రావలెను.

బొంబాయి కళాశాలలో నాడు పాశ్చాత్యపద్ధతి సాగుచుండెను. ఎదుట కూర్చుండిన మనిషిని చూచి గీయుట, వెలుగునీడలను తప్పులేకుండ పట్టుట అచ్చట ప్రధానము. అదే కాలమున కలకత్తాలో అవనీంద్రనాథ ఠాకూరును, ఆయన శిష్యులును వేరొక మార్గము త్రొక్కిరి. అజంతా కుడ్యచిత్రములు, మొగలాయి సూక్ష్మచిత్రములు వారికి ఆదర్శము. రంగును నీటితో మరల మరల కడిగి, మంచుతెర వంటి మృదుత్వము తెచ్చుచుండిరి. రామారావు మొదటి మార్గమువలన దేహనిర్మాణమును నేర్చెను. రెండవదానివలన రేఖాలాలిత్యమును గ్రహించెను. దేనికిని దాసుడు కాలేదు. ఆయన చిత్రించిన స్త్రీలు పొగమంచులో తేలిపోవువారు కారు. నేలపై పాదము మోపి నిలిచిన మనుష్యులు. వారి కోకకట్టు, కొప్పు, సొమ్ములు మన కన్నులకు ఎరుకైనవే. పురాణకథను చిత్రించినను ఇరుగుపొరుగు ముఖములే అందు తొంగిచూచును.

ఆయనకు దేశమంతట పేరు తెచ్చిన చిత్రము ఋష్యశృంగ బంధనము. కథ బాలకాండలోనిది. అంగదేశమున వానలు లేవు. స్త్రీ యనునది ఎట్లుండునో ఎరుగక అడవిలో పెరిగిన మునికుమారుడు వచ్చినగాని వాన కురియదని పెద్దలు చెప్పగా, రోమపాదుడు వారకాంతలను పంపి అతనిని రప్పించెను. కవికి ఈ కథ సులభము. ఎన్ని మాటలైనను వాడుకొనవచ్చును. చిత్రకారునికి మాటసాయము లేదు. ఒకవైపు నేర్చిన విలాసము, మరియొకవైపు ఏమియు ఎరుగని అమాయకత, రెండును మెడ వంపులోను చేతి కదలికలోను తెలియవలెను. ఏమరినచో చిత్రము వెకిలియగును. ఇరువదియైదేండ్ల వయసున ఇట్టి కథకు పూనుకొనుటయే సాహసము. ఈ చిత్రము కలకత్తా ప్రదర్శనలో వైస్రాయి బహుమానమును గెలుచుకొన్నది. వంగచిత్రకళకు పుట్టినిల్లైన నగరములో, బొంబాయిలో చదివిన ఒక తెలుగు యువకునికి దక్కిన గౌరవమది. ఆధునిక చిత్రకళలో ఆంధ్రుల పేరు అంతకుముందు దేశమున అంతగా వినబడినది కాదు. 1924లో లండను నగరపు వెంబ్లీలో జరిగిన బ్రిటిషు సామ్రాజ్య ప్రదర్శనకును ఆయన చిత్రములు పోయెను.

సిద్ధార్థ రాగోదయము ఆయన ప్రసిద్ధ చిత్రములలో మరియొకటి. సిద్ధార్థుడనగానే మనకు విరాగమే స్ఫురించును. అర్ధరాత్రి ఇల్లు విడిచిన రాజకుమారుడే కనబడును. రామారావు ఆ వైపు పోలేదు. వదలుకొనుటకు ముందు వలచుట యుండవలెను గదా! ఆ తొలిక్షణమునే ఆయన ఎన్నుకొనెను. పుష్పాలంకరణ, నందిపూజ మున్నగు చిత్రములలో కథాభారము లేదు. నిత్యజీవితపు చిన్న వేడుకలే వస్తువు. తూర్పుకనుమల నడుమ గోదావరిని చూపిన ప్రకృతిచిత్రము మరియొక తెరగు. ఆ నదిగట్టున పెరిగిన కన్ను గనుక, కొండల నీలిమను ఊహించుకొనవలసిన అవసరము ఆయనకు లేకపోయినది.

ఇంత పేరు వచ్చిన పిమ్మట బొంబాయిలోనో కలకత్తాలోనో స్థిరపడుట తేలిక. రామారావు సొంత ఊరికే వచ్చి, అచ్చట చిత్రకళాశాలను నెలకొల్పెను. మిత్రులు చుట్టుచేరిరి. ఇంటిలో భార్యయు, సోదరియు కుంచె పట్టిరి. ఇంతలో మశూచి సోకి 1925 ఫిబ్రవరి 6న ఆయన కన్నుమూసెను. ఇరువదియెనిమిదేండ్లైనను నిండలేదు.

ఇట్టి మరణము తరువాత సాధారణముగా జరుగునది అందరెరిగినదే. చిత్రములు బంధువుల ఇండ్లకు చెదరిపోవును, కొన్ని అటకలెక్కును, బడి మూతపడును. ఇచ్చట అట్లు కాలేదు. వరదా వెంకటరత్నము మిత్రుని బడిని తన బ్రతుకుగా చేసికొనెను. ఆయనయు మంచి చిత్రకారుడే. తన పేరు కొరకు వినియోగింపదగిన కాలమును మిత్రుని పేరు నిలుపుటకు వెచ్చించెను. బాపిరాజు దారి వేరు. కవిత్వము, నవల, పత్రిక, చిత్రము అన్నియు ఆయనవే. ఆయన నవల నారాయణరావు 1934లో విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలుతో పాటు ఆంధ్ర విశ్వవిద్యాలయ బహుమానమును పంచుకొన్నది. నవలాకారుడుగా ఆయనను చదివిన విద్యార్థులు ఆయన రంగులను కూడ చూడవలెను. ఆ వచనములో వర్ణనలు అంత నిండుగా నుండుటకు కారణము అప్పుడు తెలియును.

సత్యవాణి, బుచ్చికృష్ణమ్మల చిత్రములయొద్ద మరికొంత సేపు నిలువవలెను. నూరేండ్ల నాడు తెలుగు స్త్రీ చిత్రకారిణి యగుటకు బహుమానములు లేవు, కళాశాలలు లేవు. ఇంటిలోని వాతావరణమే వారికి బడి. రామారావును గూర్చి వ్రాయువారు వీరిని ఒక వాక్యములో ముగింతురు. అది న్యాయము కాదు. పేర్లు ప్రక్కనుంచి చిత్రములను చిత్రములుగా చూచుట మంచిది.

రామారావు కృతులలో తైలవర్ణచిత్రములు కొన్నియే. పెక్కు నీటిరంగులతో కాగితముపై వేసినవి. నీటిరంగుకు వెలుతురే శత్రువు. ఎండ తగిలినకొలది ఎరుపులు, పసుపులు వెలవెలబోవును. గాలిలో తేమ హెచ్చినచో కాగితముపై బూజు మచ్చలు పడును. అట్ట పులిసి అంచులు పసుపువారును. ఒకసారి పోయిన రంగును తిరిగి వేయువారు లేరు. వేసినను అది రామారావు రంగు కాదు. పుస్తకములలోని అచ్చుబొమ్మలు కథను చెప్పగలవు గాని, కడిగిన రంగులోని లోతును చూపలేవు. చూడదలచినవారు ఆ గోడల ముందే నిలువవలెను. అందలి కాగితములకు ఇప్పటికే నూరేండ్ల వయసు వచ్చినది.