కలకత్తా వెండితెరపై ఒక మహత్తర వత్సరం

ఒకే నగరం, ఒకే ఏడాది, మూడు చిత్రాలు, ముగ్గురు అభాగినులు

సంవత్సరాంతాన వర్తకుడు చిట్టా ఆవర్జాలు తిరగవేసినట్లు, సినిమా రసికుడు కూడా తన లెక్క చూచుకొంటాడు. ఏడాది పొడుగునా చూచిన చిత్రాలెన్ని? వాటిలో మనస్సున నిలిచినవెన్ని? సామాన్యంగా ఈ రెండవ పద్దు బహు స్వల్పం. ఏడాదికొక్క గొప్ప చిత్రం లభిస్తే అదే పదివేలు. కాని ఒకే నగరంలో, ఒకే భాషలో, పన్నెండు నెలల వ్యవధిలో మూడు ఉత్తమోత్తమ చిత్రాలు వెలువడిన సంవత్సరం ఒకటున్నది. ఆ నగరం 2001 నుండి అధికారికంగా కోల్‌కతా అయిన నాటి కలకత్తా. ఆ సంవత్సరం 1960.

ఆ ఏడాది సత్యజిత్ రాయ్ ‘దేవి’ని, ఋత్విక్ ఘటక్ ‘మేఘే ఢాకా తారా’ను, మృణాళ్ సేన్ ‘బాయిషే శ్రావణ్’ను ప్రేక్షకులకు సమర్పించారు. ప్రపంచమంతటా అది సినిమాకు పుష్కలమైన వత్సరమే. హిచ్‌కాక్ ‘సైకో’, గొదార్ ‘బ్రెత్‌లెస్’ అప్పుడే వచ్చాయి. ఆగస్టులో బొంబాయి నుండి ‘మొఘల్-ఎ-ఆజం’ అట్టహాసంగా విడుదలయింది. కలకత్తా చిత్రాలలో అద్దాల మహళ్ళు లేవు, యుద్ధాలు లేవు. ఉన్నవల్లా ఇళ్ళు, ఆ ఇళ్ళలో నలిగిపోయిన ముగ్గురు యువతులు.

ఈ పంట అకస్మాత్తుగా పండినది కాదు. 1947లో రాయ్, చిదానంద దాస్‌గుప్తా ప్రభృతులు కలకత్తా ఫిలిం సొసైటీని స్థాపించి, దేశదేశాల చిత్రాలను తెప్పించి చూచి, చర్చించుకొన్నారు. 1952లో జరిగిన అంతర్జాతీయ చలనచిత్రోత్సవం అక్కడి యువకుల కళ్ళు తెరిపించింది. 1955లో ‘పథేర్ పాంచాలి’ బాట వేసింది. అయిదేళ్ళు తిరిగేసరికి ఆ నేలలో మూడు విభిన్న వృక్షాలు ఒక్కమారే ఫలించాయి.

‘దేవి’కి మూలం ప్రభాత్ కుమార్ ముఖోపాధ్యాయ కథ. కథాకాలం పంతొమ్మిదవ శతాబ్ది. జమీందారు కాళీకింకరుడు కాళీభక్తుడు. తన చిన్నకోడలు దయామయి సాక్షాత్తు జగన్మాత అని ఒక రాత్రి ఆయనకు కల వస్తుంది. తెల్లవారి ఆ వృద్ధుడు కోడలి పాదాలపై సాగిలపడతాడు. అప్పుడామె కాలివేళ్ళు ముడుచుకొంటాయి. ముఖం గోడవైపు తిరుగుతుంది. నోట మాట లేదు. అంతటి భయాన్ని ఆ కాలివేళ్ళతో చెప్పించాడు రాయ్. ఆ పాత్ర ధరించిన షర్మిలా టాగూరుకు అప్పటికి పదిహేనేళ్ళకు మించి లేవు. మామగారు ఛవీ విశ్వాస్.

అంతకంటె భయంకరమైన ఘట్టం మరొకటి ఉన్నది. నగరంలో చదువుకొంటున్న భర్త వచ్చి, రాత్రివేళ ఆమెను రహస్యంగా ఏటి ఒడ్డుకు తీసుకొనిపోతాడు. పడవ ఎక్కితే స్వేచ్ఛ. కాని ఒడ్డున, నిమజ్జనం చేసిన అమ్మవారి విగ్రహపు గడ్డిబొమ్మ పడి ఉంటుంది. దానిని చూచి దయామయి ఆగిపోతుంది. నేను నిజంగానే దేవినైతే? ఆ సందేహమే ఆమెకు సంకెల. ఇతరుల మూఢవిశ్వాసం కంటె, అది మనలోనికి ప్రవేశించిన క్షణం ఎంత ప్రమాదకరమో ఇంత సూటిగా చెప్పిన చిత్రాలు అరుదు. మతంపై దాడి అని కొందరు ఆగ్రహించినా, ఆ ఏటి ఉత్తమ బెంగాలీ చిత్రంగా జాతీయ పురస్కారం దీనికే లభించింది.

రాయ్ మృదువుగా చెప్పినచోట ఘటక్ గొంతెత్తి ఆక్రోశిస్తాడు. దేశవిభజన ఆయన జీవితమంతా మానని గాయం. ‘మేఘే ఢాకా తారా’ నాయిక నీత తూర్పు బెంగాలు నుండి వచ్చిన కాందిశీకుల బిడ్డ. నగర శివారులోని కాలనీలో ఆమె సంపాదనపైనే ఇల్లంతా ఆధారపడి ఉన్నది. చేతికి డబ్బు రాగానే చెల్లెలికి చీర, తమ్మునికి ఆటబూట్లు. తన తెగిన చెప్పు మాత్రం తెగినట్లే ఉంటుంది. ఆమె ప్రేమించినవాడు చెల్లెలిని పెళ్ళాడుతాడు. చివరకామెకు మిగిలినది క్షయ. ఇంట్లో వారెవ్వరూ దుర్మార్గులు కారు. అందరికీ ఆమె అంటే ప్రేమే. ఆ ప్రేమే ఆమెను కొద్దికొద్దిగా తినివేసింది.

నీతగా నటించిన సుప్రియా చౌధురి ఒక దృశ్యంలో మెట్లు దిగుతూ ఉంటే కొరడా దెబ్బల చప్పుడు వినబడుతుంది. కొట్టేవాడు కనబడడు. తెలుగు ప్రేక్షకులం దుఃఖఘట్టంలో వేదన పాటగా పొంగడానికి అలవాటు పడినవాళ్ళం. ఆ కొరడా చప్పుడు వింటే మన వీపే చురుక్కుమంటుంది. షిల్లాంగు కొండలలోని ఆసుపత్రిలో, తనకు బ్రతకాలని ఉన్నదని ఆమె అన్నగారిని పట్టుకొని ఏడుస్తుంటే, ఆ కేక కొండకొండకూ తగిలి తిరిగి వస్తుంది. ఘటక్ జీవించి ఉండగా ప్రజాదరణ పొందిన చిత్రం దాదాపు ఇదొక్కటే.

‘బాయిషే శ్రావణ్’ అంటే శ్రావణమాసం 22వ తేదీ. 1941లో రవీంద్రుడు పరమపదించిన రోజది. బెంగాలీలకు పవిత్రమైన ఆ తేదీని, రైళ్ళలో చిల్లర వస్తువులు అమ్ముకొనే ఒక నడివయస్కుని వివాహదినంగా చేశాడు సేన్. భార్య మాలతి చిన్నది. ఆ పాత్రధారిణి మాధవీ ముఖర్జీ తరువాత ‘చారులత’గా ఖ్యాతి గాంచింది. అంతలో 1943 నాటి కరవు వచ్చిపడుతుంది. సుమారు 30 లక్షలమందిని కబళించిన కరవది. కాని సేన్ వీథులలో శవాలను చూపడు. భర్త దొరికిన అన్నమంతా ఆబగా తినివేస్తాడు. భార్య చూస్తూ ఉంటుంది. ఆకలి మనిషిని చంపకముందే మర్యాదను చంపుతుందని చెప్పడానికి ఆ ఒక్క దృశ్యం చాలు.

ఇక మన సంగతి. అదే 1960లో ఆంధ్రదేశం ‘మహాకవి కాళిదాసు’ను చూచింది, కాళికాదేవి కటాక్షంతో అజ్ఞాని కవి అయిన కథకు పరవశించింది. అదే ఏడాది ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’ వచ్చింది. తిరుపతి యాత్ర ముగించుకొని, మద్రాసు వెళ్ళి ఎన్.టి. రామారావు దర్శనం చేసుకొనే భక్తులుండిన రోజులవి. మనం ఒక నటునిలో దేవుని చూస్తున్నప్పుడే, దేవతను చేయబడిన మనిషి గతి ఏమిటని కలకత్తాలో రాయ్ ప్రశ్నిస్తున్నాడు. ఒకటి గొప్పది, మరొకటి తక్కువది అనడం నా ఉద్దేశం కాదు. మన చిత్రాలలోని సంగీతమూ పద్యమూ కలకత్తాకు లేవు. ఐనా ఆ రెంటినీ పక్కపక్కన ఉంచి చూస్తే భక్తికున్న రెండు ముఖాలూ కనబడతాయి.

కలకత్తా మనకు పరాయిదేమీ కాదు. సి. పుల్లయ్య ‘సతీ సావిత్రి’ (1933), ‘లవకుశ’ (1934) చిత్రాలను నిర్మించినది అక్కడి ఈస్టిండియా ఫిలిం కంపెనీయే. చక్రపాణి అనువాదాల పుణ్యమా అని శరత్ పాత్రలు మన ఇళ్ళలో మనుషులయ్యాయి. ఆ ఋణం మరొక విధంగా కూడా పెరిగింది. 1977లో మృణాళ్ సేన్, ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథ ఆధారంగా ‘ఒక ఊరి కథ’ను తెలుగులోనే తీశాడు. అక్కడా ఆకలే, అక్కడా ప్రసవవేదనతో కోడలు ప్రాణం విడుస్తుంటే ఇద్దరు మగవాళ్ళు పట్టనట్లుంటారు. మాలతి పదిహేడేళ్ళ తరువాత మన పల్లెలో మళ్ళీ పుట్టింది.

ఘటక్ 1976లో, రాయ్ 1992లో, సేన్ 2018లో కన్నుమూశారు. 1960 నాటి ఆ మూడు చిత్రాలలో ఒకే ఒక్క దృశ్యాన్ని ఎన్నుకొమ్మంటే, నేను నీత కథ ముగింపునే ఎన్నుకొంటాను. ఆమె అన్న శంకర్ వీథిలో నిలబడి ఉంటాడు. ఎదురుగా పోతున్న మరొక అమ్మాయి చెప్పు తెగుతుంది. ఆమె సిగ్గుగా నవ్వి, కాలీడ్చుకొంటూ సాగిపోతుంది. ఆ అమ్మాయి పేరేమిటో, ఆమె సంపాదనపై ఎందరు బ్రతుకుతున్నారో చిత్రం చెప్పదు.